షుగర్ ఉన్న గుండెకు ఒక్కరి సంతకం చాలదు

మధుమేహం ఉండి, గుండె రక్తనాళాలు రెండు మూడింటిలో బ్లాకులున్న రోగికి స్టెంట్ల కంటే బైపాస్ మేలు. సర్జన్ల మీద అభిమానంతో అంటున్న మాట కాదిది. 2012లో వెలువడిన ‘ఫ్రీడమ్’ అధ్యయనం అలాంటి 1,900 మంది రోగుల మీద ఐదేళ్ల లెక్క తేల్చింది. స్టెంట్లు వేయించుకున్నవారిలో 16.3 శాతం మంది చనిపోయారు. బైపాస్ చేయించుకున్నవారిలో 10.9 శాతం. వందకు ఐదు ప్రాణాలు తేడా. జహీరాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ చేరే షుగర్ రోగికి ఈ లెక్క విడమరచి చెప్పే నాథుడు లేడు.

గుండె చికిత్స గురించి మన ప్రభుత్వాలకు తెలిసిందల్లా రూపాయలే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. రెండూ మంచి పనులే, కాదనను. కానీ ఏ రోగికి ఏ చికిత్స అన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. ధర తగ్గినంత మాత్రాన తగని చోట వేసిన స్టెంట్ తగినదైపోదు.

ఇప్పుడు మరో వాదన బయల్దేరింది, బైపాస్ కాలం చెల్లిందట. దీనికి ఆధారంగా 2021 డిసెంబరునాటి అమెరికా మార్గదర్శకాలను చూపిస్తున్నారు. గుండె పంపింగ్ బాగానే ఉండి, మూడు నాళాల్లో బ్లాకులున్న నిలకడైన రోగుల్లో బైపాస్ స్థాయిని ఆ పత్రం బలమైన సిఫారసు అనే మొదటి తరగతి నుంచి బాగా కిందికి దించిన మాట నిజం. అందుకే అక్కడి గుండె సర్జన్ల సంఘాలు దాన్ని ఆమోదించలేదు. ఈ గొడవను పదే పదే ఉదహరించేవాళ్లు అదే పత్రంలోని ఇంకో వాక్యాన్ని మాత్రం దాటేస్తున్నారు. మధుమేహం ఉండి, గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ప్రధాన నాళంతో సహా పలు నాళాల్లో జబ్బు ఉంటే స్టెంట్ కంటే బైపాస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలన్న సిఫారసు మొదటి తరగతిలోనే ఉంది. దాన్ని ఎవరూ దించలేదు. ఫ్రీడమ్‌లో వాడినవి తొలితరం స్టెంట్లని కొందరంటారు. నిజమే, కానీ ఆ సంగతి తెలిసిన నిపుణులే 2021లోనూ ఆ వాక్యాన్ని అక్కడే ఉంచారు.

కారణం శరీరంలోనే ఉంది. షుగర్ రోగికి నాళం ఒక్క చోట పూడిపోదు, పొడవునా పాడవుతుంది. స్టెంట్ ఒక్క చోటును తెరుస్తుంది. దానికి పైనా కిందా రేపు కొత్త బ్లాకు రావచ్చు. బైపాస్‌లో ఛాతీ గోడ లోపలి ధమనిని తెచ్చి బ్లాకులు దాటిన చోట కలుపుతారు. పైన ఇంకో బ్లాకు వచ్చినా కిందికి రక్తం అందుతూనే ఉంటుంది. ఆ ధమని పదేళ్ల తర్వాత కూడా వందకు తొంభై మందిలో తెరుచుకునే ఉంటుంది. 16.3కూ 10.9కూ మధ్య తేడా ఇక్కడే పుడుతోంది.

మరి నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? క్యాథ్‌ల్యాబ్ తలుపు దగ్గర. రోగి లోపల బల్ల మీద ఉంటాడు, మణికట్టులో గొట్టం. బయటికి వచ్చిన డాక్టర్ కొడుకుతో అంటాడు: ‘మూడు బ్లాకులున్నయ్. ఇప్పుడే స్టెంట్లు వేసేస్తే రెండ్రోజుల్ల ఇంటికి పోవచ్చు. లేకుంటే ఛాతీ కోయాలె.’ అల్లం పంట అమ్మిన డబ్బు జేబులో పెట్టుకుని వచ్చిన ఆ కొడుకు ఏం చేస్తాడు? సంతకం పెడతాడు. సర్జన్ ఆ యాంజియోగ్రామ్ చూసి ఉండడు. ఏ పద్ధతి మేలో తేలనప్పుడు కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి కూర్చుని తేల్చాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కలవాల్సిన ఇద్దరిలో ఒకరు ఆ గుమ్మంలోనే లేరు.

గుండెపోటు వచ్చి నాళం మూసుకుపోతే వెంటనే తెరవాల్సిందే, అక్కడ చర్చ లేదు. బైపాస్‌లో పక్షవాతం ముప్పు ఎక్కువ. అదే ఫ్రీడమ్‌లో 5.2 శాతం, స్టెంట్లలో 2.4. అది కూడా రోగికి చెప్పాలి. చెప్పి, 16.3, 10.9 అంకెలనూ పక్కనే పెట్టాలి. సగం లెక్క చెప్పి సంతకం తీసుకోవడం సమ్మతి కాదు.

కూలీకి ఇంకో భయం ఉంది. కోసిన ఛాతీ ఎముక అతకడానికి రెండు మూడు నెలలు. అన్నాళ్లు చెరకు నరకలేడు, బస్తా ఎత్తలేడు. అందుకే రెండు రోజుల స్టెంట్ వైపు మొగ్గుతాడు. దీనికి మందు ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులోనే చూపించింది. ‘ఆరోగ్య ఆసరా’ కింద చికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చింది. 10 లక్షల పరిమితి గురించి గొప్పగా చెప్పుకునే తెలంగాణ నాయకులకు నెలకు 5 వేలు బరువా? కూలి పోతుందన్న భయంతో ఒక మనిషి ఆయుష్షును పణంగా పెడుతుంటే దాన్ని ‘రోగి ఇష్టం’ అని రాసుకోవడం సిగ్గుచేటు.

షుగర్ ఉండి పలు నాళాల్లో బ్లాకులున్న రోగికి, అత్యవసరం కాని పరిస్థితుల్లో, సర్జన్ సంతకం లేని స్టెంట్ ఫైలుకు ఆరోగ్యశ్రీ ట్రస్టు అనుమతి ఇవ్వరాదు. అలాంటి రోగుల్లో ఎందరికి స్టెంట్లు పడ్డాయో, ఎందరికి బైపాస్ జరిగిందో ఆసుపత్రుల వారీగా ఏటా ప్రకటించాలి. యాంజియోగ్రామ్‌లు, బిల్లులు, ఫైళ్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. లెక్క తీయలేం అనడానికి వీల్లేదు. తీయకపోతే, ఎవరి వ్యాపారం దెబ్బతింటుందని వెనకాడుతున్నారో జనానికి చెప్పాలి.

అంతవరకూ జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లవారికి ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దాయనకు షుగర్ ఉండి రెండు మూడు బ్లాకులు కనబడ్డాయంటే, గుండెపోటు నడుస్తున్న పరిస్థితి కాకపోతే, బల్ల దించి బయటికి తీసుకురమ్మనండి. యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకోండి. అది మీ హక్కు. బైపాస్ సర్జన్ ఒకరికి చూపించాకే సంతకం పెట్టండి.