ముఖం దాచండి, హిసాబ్ చూపించండి



పోయిన జుమా నమాజ్ తర్వాత షేక్‌పేట్‌లో ఒక ఇరానీ హోటల్లో ముగ్గురు పిల్లలు నన్ను కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచారు. ముగ్గురూ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేస్తున్నారు. రాత్రిళ్లు మేల్కొని ఒక కొత్త ప్లాట్‌ఫాం తయారు చేస్తున్నారట. మన అంజుమన్లు, మసీదు కమిటీలు, చిన్న చిన్న ట్రస్టులు ఆన్‌లైన్లో చందా వసూలు చేసుకోవడానికి. "చాచా, మీ బ్లాగులో నాలుగు మాటలు రాయండి. రంజాన్‌కల్లా ఇంటింటికీ తెలియాలి" అన్నారు. వాళ్ల నీయత్ మంచిది, అందులో నాకు షక్ లేదు. అందుకే రాస్తున్నాను. వాళ్లు ఆశించిన మాటలు మాత్రం ఇవి కావు.

మొదటి స్క్రీన్ చూడగానే చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ముక్కులో గొట్టంతో ఒక చిన్న పిల్ల, పక్కన ఏడుస్తున్న తల్లి, ఎర్ర అక్షరాల్లో 'ఇక కొన్ని గంటలే', దాని కింద ఎంత వచ్చిందో చూపే గీత. "ఇది శాంపిలే చాచా, పెద్ద ప్లాట్‌ఫాంలు కూడా ఇట్లనే ఉంటయి" అన్నాడు ఒకడు. నా ఫిర్యాదే అది. అట్లాంటివి ఇప్పటికే ఉండగా ఇంకొకటి మనకెందుకు? ఆకుపచ్చ రంగు వేసి, పైన బిస్మిల్లా పెట్టినంత మాత్రాన అది మనదైపోతుందా?

మీకో సంగతి చెప్పాలి. ఫిల్మ్‌నగర్ బస్తీలో నాకు తెలిసిన ఒక టైలర్ మాస్టర్ సాబ్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా సినిమాలకు బట్టలు కుడుతున్నాడు. హీరోలవి కాదు, వెనక గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులవి. నాలుగేళ్ల కింద ఆయన బిడ్డకు గుండె ఆపరేషన్ పడింది. ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్పించారు. అడ్వాన్స్ కట్టలేక బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడితే, అక్కడున్న ఒకతను ఫండ్ వసూలు చేసిపెట్టే కంపెనీ నంబరు చేతిలో పెట్టాడు. మరునాడు ఫోన్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. భాభీ రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఉంది, కెమెరా ముందు కూర్చునేసరికి కళ్లలో నీళ్లు రాలేదు. "ఆంటీ, ఇంకోసారి చెప్పండి, పాప చెయ్యి పట్టుకుని" అన్నాడట ఆ కుర్రాడు. మాస్టర్ సాబ్ నాతో అన్న మాట ఇది: "సెట్ మీద రీటేక్ అయితే బత్తా అన్న ఇస్తరు భాయ్. మా ఇంటామెతోని నాలుగు రీటేక్‌లు చేయించిండ్రు."

పైసలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యింది, పిల్ల బాగుంది, అల్‌హందులిల్లాహ్. ఆ వీడియో లేకుంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఆ మాట దాచను. కానీ ఆ పిల్లకు ఇప్పుడు పందొమ్మిదేళ్లు. మొన్న ఒక మంచి రిష్తా వచ్చింది. అబ్బాయి వాళ్లు పేరు కొట్టి చూస్తే ఫోన్లో మొదట కనబడింది ఆ వీడియోనే. ఇస్తిఖారాలో సరిగ్గా రాలేదని కబురు పంపారు. మాస్టర్ సాబ్ దాన్ని తీసేయమని రెండుసార్లు మెయిల్ పెట్టించాడు, జవాబు రాలేదు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం, ఇచ్చిన ఇజాజత్ వెనక్కి తీసుకునే హక్కును గుర్తించింది. మరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీడియోను ఏ చట్టం వెనక్కి తెస్తుంది? మా ఖాందాన్ గ్రూపులు మూడింటిలో ఆ వీడియో పెట్టింది నేనే. సవాబ్ అనుకున్నాను.

కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్న తాలీమ్ మనకు బచ్‌పన్ నుంచీ ఉంది. దాన్ని మనం ఇచ్చేవాడి వినయం కోసమే అనుకుంటాం. తీసుకునేవాడి ఇజ్జత్ కూడా అందులోనే ఉంది. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. ఇచ్చేవాడికి 'పేరు దాచు' అని ఒక గడి ఉంది, టిక్ పెడితే చాలు. తీసుకునే పిల్లకు ఆ గడి లేదు.

ఈ ఇలాకా వాళ్లకు చందా కొత్త కాదు. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. మా అబ్బా ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పేవాడు. అంత పెద్ద హీరోలు చెయ్యి చాచారు. బాధితుణ్ణి వేదిక ఎక్కించి ఏడిపించాల్సిన పని పడలేదు, అడిగినవాడి ముఖమే చాలింది. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత, నవంబర్ 30న, 'మేము సైతం' అని సినిమావాళ్లు ఆడి పాడి విశాఖ కోసం పైసలు కూడగట్టారు. అప్పుడూ కెమెరా వాళ్ల మీదే ఉంది. 2020లో లాక్‌డౌన్ పడి షూటింగులు ఆగితే చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టారు, సినీ కార్మికుల ఇళ్లకు సామాన్లు అందాయి. సినిమావాళ్ల పబ్లిసిటీ మోజును నేనేమీ పొగడను. అయినా ముఖం ఎవరిది వాడాలన్న దాంట్లో వాళ్లు మనకన్నా తమీజ్‌గా ఉన్నారని ఒప్పుకోవాలి.

"ఫోటో లేకుంటే ఎవరిస్తారు చాచా?" అని అడిగాడు చిన్నవాడు. జూబ్లీహిల్స్‌లో 1998 నుంచి చిరంజీవి బ్లడ్ బ్యాంక్ నడుస్తోంది. అక్కడికి రక్తం ఇవ్వడానికి వెళ్లే కుర్రాళ్లు రోగి ఫోటో చూపించమంటారా? ఒంట్లో నెత్తురు ముఖం చూడకుండా ఇచ్చే మనిషి ఐదువందలు ఇవ్వలేడా? వాళ్లకు కావలసింది భరోసా. ఆ భరోసాను వేరే దారిలో తయారు చేయడం కష్టం. అందుకని అందరూ కన్నీళ్ల దారి పట్టారు.

ఇక టిప్ సంగతి. మా దగ్గర ఫీజు సున్నా అని పెద్దగా రాసి, ఇచ్చేటప్పుడు చివర్లో టిప్ అడగడం ఈ రంగంలో రివాజైపోయింది. చాలాసార్లు ఆ శాతం ముందే ఎంచి పెట్టి ఉంటుంది. తీసేయడం ఎట్లాగో మన అమ్మీలకు తెలియదు. ఆమె జకాత్ లెక్క కట్టి పంపిన పైసల్లో ఎంత గరీబుకు, ఎంత కంపెనీకి? వసూలు చేసేవాళ్లకు మెహనతానా ఇవ్వడం హరామ్ అని నేననడం లేదు. సూరా తౌబా అరవయ్యో ఆయత్‌లో చెప్పిన ఎనిమిది మసారిఫ్‌లో ఆమిలీన్ ఉన్నారు. షాఫయీ ఫుకహా దాన్ని ఎనిమిదో వంతు దాటనివ్వరు. ఒక ప్రైవేట్ కంపెనీ ఆమిల్ కిందికి వస్తుందా అన్నది ముఫ్తీ సాబ్‌ను అడగాల్సిన మసలా. కానీ తీసుకునేదేదో ముందే, అందరికీ కనబడేట్టు రాయండి. యూపీఐ మీద ఎండీఆర్ 2020 జనవరి నుంచి సున్నా. కాబట్టి గేట్‌వే ఖర్చు పేరు చెప్పి కోసేటప్పుడు ఎంత, దేనికి అన్నది చూపించాల్సిందే.

మరి ఏం తయారు చేయాలి? ఖాతా పుస్తకం. వినడానికి జోష్ ఉండదు, నాకు తెలుసు. మన మసీదుల్లో బైతుల్‌మాల్ అంటే ఇంకా ఒక రిజిస్టరూ, ఒక తాళం పెట్టిన డబ్బా. జకాత్, ఫిత్రా, సదఖా, లిల్లాహ్, బ్యాంకు వడ్డీ వదిలించుకోవడానికి ఇచ్చిన పైసలు, అన్నీ ఒకే సంచిలో. ఒక్కోదాని ఖర్చు దారి ఒక్కోటి కదా. జకాత్ మసీదు గోడకు పనికిరాదు. హనఫీ మస్లక్‌లో తమ్లీక్ కావాలి, అంటే గరీబు ఆ పైసకు మాలిక్ కావాలి. ఆస్పత్రికి నేరుగా కట్టాలంటే రోగి తరఫున వకాలత్ తీసుకుని ఉండాలి. ఆ సంతకం పెట్టే చోటు మీ స్క్రీన్ మీద ఎక్కడుంది బేటా? ఒకే మనిషి రంజాన్‌లో నాలుగు మసీదుల్లో తీసుకుంటాడు, సిగ్గుపడే బేవా ఒక్కచోటా అడగదు. పేరు బయటపడకుండా, ఈ ఇంటికి ఈ నెల మదద్ అందింది అని మాత్రం కమిటీలకు తెలిసే ఏర్పాటు చేయండి. సాఫ్ట్‌వేర్ చదివింది ఎందుకు మరి?

ఖానూన్ కూడా చూసుకోవాలి. 80జీ రసీదు ఇస్తామంటున్నారు. ఫలానా మతం వాళ్లకే అని ట్రస్ట్ డీడ్‌లో రాసుకున్న సంస్థకు ఆ మినహాయింపు రాదు. చాలా అంజుమన్లకు ఈ సంగతి రిజిస్ట్రేషన్ తిరస్కరించాకే తెలుస్తుంది. జెద్దాలో ఉన్న బావమరిది ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఉంటే, తన కమాయి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. చికాగోలో అమెరికా పౌరసత్వం తీసుకున్న ఖాలా కొడుకు పంపితే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ తగులుతుంది. ఇద్దరికీ ఒకే బటన్ పెట్టారు ఈ పిల్లలు. దాని సజా వాళ్లకు పడదు, ఖాతా ఉన్న మసీదు సద్ర్ సాబ్‌కు పడుతుంది.

ముఖం బదులు చూపించడానికి చాలా ఉన్నాయి. ఆస్పత్రి ఎస్టిమేట్, వెళ్లి చూసొచ్చిన మనిషి పేరు, కట్టిన రోజున బిల్లు రసీదు, మిగిలిన పైసలు ఎవరికి మళ్లాయో. బిల్లు మీద రోగి పేరు కొట్టేసి. ఇప్పుడున్న వాటిలో గరీబు కన్నీళ్లు బాగా కనబడతాయి, ఆపరేషన్ అయ్యాక మిగిలిన పైసల జాడ మాత్రం నేను వెతికినప్పుడు దొరకలేదు.

ఇదంతా విన్నాక పిల్లలు కాసేపు మాట్లాడలేదు. వాళ్ల ఫారంలో ఫోటో పెట్టకపోతే తర్వాతి పేజీకి పోదు. ఆ నిబంధన తీసేయడానికి ఎంత టైం పడుతుందని అడిగాను. "పది నిమిషాలు చాచా" అన్నాడు చిన్నవాడు. వకాలత్‌ది, ఖాతాలు విడదీసేది మాత్రం నెలలు పడుతుందట. రంజాన్‌కు కాదు. ఆగమన్నాను. వచ్చే జుమా మళ్లీ అదే హోటల్. ఈసారి మాస్టర్ సాబ్‌ను కూడా రమ్మన్నాను. ఆయన ఇంకా అవుననలేదు.