డిశ్చార్జి సమ్మరీలో ‘గడ్డ’ అని ఉంటే సరిపోదు

తొడ మీదో భుజం మీదో గడ్డ తేలుతుంది. నొప్పి ఉండదు. ‘కొవ్వు గడ్డే, ఏం కాదులే’ అని ఇంట్లోనే తేల్చేస్తాం. చాలాసార్లు అది నిజం కూడా. కొవ్వు, కండరాలు, రక్తనాళాల్లాంటి మృదు కణజాలాల్లో పుట్టే సార్కోమాలు పెద్దవారి క్యాన్సర్లలో సుమారు ఒక్క శాతమే. ఇంత అరుదు కాబట్టే డాక్టర్లకు కూడా వెంటనే అనుమానం రాదు.

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా ఉన్నా, తీసేసిన చోటే మళ్లీ వచ్చినా ఆపరేషన్‌కు తొందరపడకండి. ముందు ఎంఆర్‌ఐ, ఆ తర్వాత కాస్త లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ చేయించాలి. మన ఊళ్లలో ఎక్కువగా చేసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడి కణాలే వస్తాయి. సార్కోమాల్లో 50కి పైగా రకాలున్నాయి, ఏ రకమో తేల్చడానికి ఆ కణాలు తరచూ చాలవు.

సరే, గడ్డ తీసేశారు. మరి కాగితాల సంగతి? మనం పట్టించుకోనిది ఇదే. డిశ్చార్జి సమ్మరీ ఇంటికి పంపే రోజే ఇస్తారు. బయాప్సీ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ప్రత్యేక పరీక్షలు అవసరమైతే ఇంకా ఆలస్యం. ఈలోగా సమ్మరీలో వ్యాధి కోడ్ పడిపోతుంది. ఐసీడీ-10 ప్రకారం మామూలు వాపు ఆర్22, కొవ్వు గడ్డ డి17, మృదు కణజాల క్యాన్సర్ సి49. తర్వాత వచ్చిన రిపోర్టు క్యాన్సర్ అని చెప్పినా, ఎవరూ సవరించకపోతే సమ్మరీలో పాత కోడే ఉండిపోతుంది.

కణితి రకాన్ని తెలిపే కోడ్‌లో తేడా మరీ చిన్నది. మామూలు కొవ్వు గడ్డ 8850/0, లైపోసార్కోమా 8850/3. గీత తర్వాతి అంకె ఒక్కటే మారింది! అక్కడ 1 ఉంటే ఇటూ అటూ కాని కణితి. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు క్యాన్సర్‌కు బయాప్సీ రుజువు అడుగుతాయి, ఇలాంటి మధ్యస్థ కణితులను సాధారణంగా మినహాయిస్తాయి.

సార్కోమా తరచూ పాకేది ఊపిరితిత్తులకే. అప్పుడు దాన్ని ‘ఊపిరితిత్తుల క్యాన్సర్’ అని సి34 కింద రాస్తే అసలు జబ్బు లెక్కల్లోంచే మాయమవుతుంది. రాయాల్సింది సి78, దాంతోపాటు మొదటి క్యాన్సర్ కోడ్. క్యాన్సర్‌ను తప్పనిసరిగా నమోదు చేసే జబ్బుగా ప్రకటించాలని పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో సూచించింది. మంచిదే. కానీ తప్పు కోడ్‌తో ఎన్ని నమోదులైనా ఏం లాభం?

బయాప్సీ రిపోర్టు అందాక సమ్మరీని సవరించి ఇమ్మని అడగండి. స్లైడ్లతో పాటు మైనం దిమ్మెలు, అంటే బ్లాకులు కూడా తీసుకోండి. మరో ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కోరితే మొదట అడిగేది వాటినే.