ఆ చేతులు చెప్పేది మన మీద కేసు

బధిర కళాకారులు వేదికెక్కి సైగ భాషలో తమవాళ్ల చరిత్ర చెబుతుంటే మనం చేసేదేమిటి? ‘పాపం, ఎంత చక్కగా చేస్తున్నారో!’ అని జాలిపడి, కళ్లు తుడుచుకుని ఇంటికి పోతాం. బోనులో నిలబడి సాక్ష్యం చెబుతున్న మనిషి గొంతు బాగుందని మెచ్చుకున్నట్టుంటుంది మన రసికత. ఆ సాక్ష్యం ఎవరి మీద? చెవులున్న మన మీదే.

1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద మహాసభ జరిగింది. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ చెవులున్నవాళ్లే. బడిలో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించేశారు. ఆ తర్వాత దేశదేశాల్లో బధిర పంతుళ్ల ఉద్యోగాలు ఊడిపోయాయి. తరగతిలో చెయ్యి కదిపిన పిల్లల వేళ్ల మీద దెబ్బలు పడ్డాయి. టెలిఫోన్ కనిపెట్టిన గొప్పవాడని మనం పాఠాల్లో చదువుకున్న గ్రాహంబెల్, 1883లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీ ముందు ఒక వ్యాసం చదివాడు. బధిరులు బధిరులనే పెళ్లాడుతూ పోతే మనుషుల్లో ఒక చెవిటి జాతి తయారవుతుందని ఆయన బెంగ! 1933 జులై 14న నాజీ జర్మనీ చేసిన చట్టం, వంశపారంపర్యంగా చెవుడున్నవాళ్లకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేయించింది. మిలాన్ నిర్ణయానికి విచారం ప్రకటించడానికి బధిర విద్యావేత్తల అంతర్జాతీయ మహాసభకు 2010 దాకా, అంటే 130 ఏళ్లు పట్టింది.

ఇదంతా మన చరిత్ర పుస్తకాల్లో ఎక్కడుంది? వెతకడం దండగ. పుస్తకం రాసినవాళ్లు సైగ చేసినవాళ్లను అడగలేదు. అందుకే వాళ్లే తమ పుస్తకం తయారుచేసుకున్నారు. 1913లో జార్జ్ వెడిట్జ్ అనే అమెరికన్ బధిర నాయకుడు సినిమా కెమెరా ముందు నిలబడి, మిలాన్ తర్వాత తమ భాషకు పట్టిన గతిని సైగల్లో చెప్పాడు. మన దగ్గర ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైన ఏడాదే అది. చేతులతో చెప్పిన మాట కాగితం మీద నిలవదని, ఫిల్మే తమకు కాగితమని ఆయనకు అప్పుడే తెలుసు.

1967లో అమెరికాలో బధిరుల జాతీయ నాటక సంస్థ పుట్టింది. ఆ నటుల్ని ఎన్‌బీసీ టీవీలో చూపిస్తామంటే, చూపించొద్దని బెల్ పేరు పెట్టుకున్న సంఘమే అడ్డం పడింది. చేతులంటే అంత భయం! టీవీవాళ్లు వినలేదు, ప్రసారం చేశారు. 1971లో అదే నాటక సంస్థ ‘మై థర్డ్ ఐ’ ప్రదర్శనలో లెక్క తిరగేసింది. అందులో ఒక ఘట్టంలో సర్కస్ వింతలుగా నిలబడింది చెవులున్నవాళ్లు!

ఈ కళ పనితనం ఒక్కసారి దగ్గరగా చూడండి. కళాకారిణి భుజం ఇటు తిప్పి చూపు కిందికి వాల్చితే బెత్తం పట్టిన మేష్టారు. భుజం అటు తిప్పి తల పైకెత్తితే బెంచీ మీద పిల్లవాడు. ‘ఆయన అన్నాడు, వీడు ఏడ్చాడు’ అని చెప్పే పనే లేదు. దెబ్బ తిన్న చేతులూ దెబ్బ కథ చెప్పే చేతులూ అవే. ఏ చరిత్రకారుడి కలానికి ఇంత సత్తా ఉంది?

మరి మన సంగతి? సైగ భాషతో మన పరిచయం దూరదర్శన్ బధిరుల వార్తల దగ్గరే ఆగింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి, భారతీయ సైగ భాషకు మాత్రం చోటు లేదు. దక్షిణాఫ్రికా 2023లో తమ సైగ భాషను పన్నెండో అధికార భాష చేసుకుంది. వాళ్లకు కుదిరింది మనకెందుకు కుదరదు?

తెలుగు రాష్ట్రాల బధిర పాఠశాలల్లో చదివి ముసలితనానికి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. హాస్టల్లో ఏం జరిగిందో, పెళ్లిచూపుల్లో ఏమన్నారో, ఉద్యోగం అడిగితే ఎలా తరిమారో వాళ్ల చేతుల్లోనే ఉంది. వాళ్లు పోతే అదీ పోతుంది. కాబట్టి వెంటనే కెమెరా పట్టండి. ముఖం క్లోజప్ పిచ్చిలో చేతుల్ని కత్తిరించకండి. తెలుగులోకి మార్చే పనిలో బధిరుల్ని ముందు కూర్చోబెట్టి, ఆ పనికి డబ్బివ్వండి. ఆ రికార్డుల్ని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో పెట్టండి, బడి పాఠాల్లోకి ఎక్కించండి.

అవి చేసేదాకా మీ చప్పట్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఎలాగూ అవి వాళ్లకు వినపడవు.