జాబితాలో లేని సహోదరి



ఒకటో తారీఖు తెల్లవారుజామున మన ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. సచివాలయం ఉద్యోగి వేలిముద్రల యంత్రం పట్టుకొని వీధిలోకి వస్తాడు. అవ్వలూ తాతలూ అప్పటికే అరుగుల మీద కూర్చొని ఉంటారు. 2024 జూలై నుండి మన ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, విధవరాండ్రకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు పింఛను వస్తోంది. మందులు, కిరాణా బాకీ, మనవడి ఫీజు అన్నీ ఆ డబ్బులోనే. అదే ఏడాది ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికల వేళ ఇంటింటి పంపిణీ ఆగినప్పుడు, ముసలివాళ్ళు మండుటెండలో సచివాలయాల చుట్టూ, బ్యాంకుల చుట్టూ తిరగడం మనము చూశాము. కాబట్టి గుమ్మం దగ్గరికే డబ్బు రావడం ఎంత మేలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. దీనికి మనము కృతజ్ఞులమై ఉండాలి.

అయితే ఆ ఉద్యోగి ఆగకుండా దాటిపోయే గుమ్మం ఏదో మనము ఎప్పుడైనా చూశామా?

కొన్నేళ్ళ క్రితం మన సంఘములోనే ఒక సహోదరికి భర్త చనిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. కూలికి వెళ్తేనే పొయ్యి వెలుగుతుంది. పింఛనుకు దరఖాస్తు పెడితే రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే "సిస్టమ్ ఒప్పుకోవడం లేదమ్మా" అన్నారు. మళ్ళీ వెళ్తే అదే మాట. అలా ఆరు నెలలు గడిచాయి. ఆమె ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చుని వెళ్ళిపోయేది. మేము "బాగున్నావా అమ్మా?" అనేవాళ్ళం. "బాగున్నానయ్యగారూ" అనేది. అంతకుమించి మేము అడగలేదు. చివరికి చదువుకున్న ఒక తమ్ముడు ఆమెతో వెళ్ళి కూర్చుంటే తెలిసింది: ఆమె ఆధార్ నంబరు ఎవరిదో కరెంటు మీటరుకు అంటుకొని ఉంది. ఒక్క బల్బు వెలిగే ఇంటికి 300 యూనిట్లు దాటిన బిల్లు చూపిస్తోంది.

ఆరంచెల తనిఖీ అంటే ఇదే. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలకు, మెట్ట పదెకరాలకు మించకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగిగానీ ఆదాయపు పన్ను కట్టేవారుగానీ ఉండకూడదు. నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళ ముద్ద లాక్కోకుండా పెట్టిన కంచె ఇది. కంచె తప్పని మేము అనడం లేదు. కానీ కంప్యూటరులో ఒక అంకె తప్పుగా ఎక్కితే, ఆ తప్పును వెదికి దిద్దించుకోవలసిన భారం ఎవరి మీద పడుతోంది? చదువు రాని, కూలి మానుకుంటే పస్తుండే ఆ విధవరాలి మీదే. మేము బాధపడేది ఇందుకే.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము తీయండి. యెరూషలేము సంఘములో అనుదినము ఆహారం పంచుతున్నారు. మంచి పనే. కానీ గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రు ఆ పంపకంలో మరుగున పడిపోయారు. సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు, ఓపిక పట్టమని బోధించలేదు. సంఘమంతటినీ పిలిచి, ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రు విడువబడ్డారో ఆ వైపువారి చేతికే పంపకం అప్పగించారన్నమాట. దాన్ని ఫిర్యాదు వినడం అంటారు.

మన పంచాయతీకి, సచివాలయానికి మేము చేసే మనవి కూడా ఇదే. పింఛను వచ్చినవారి పేర్లతోపాటు రానివారి లెక్క కూడా గ్రామసభలో చెప్పండి. ఎందుకు రాలేదో తెలుగులో, కాగితం మీద రాసి ఆ మనిషి చేతికివ్వండి. 2024 ఆగస్టు 23న ఉపాధి పనుల కోసం రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభలు పెట్టగలిగారు. విడువబడినవారి కోసం కూడా అలా ఒక్క పూట కూర్చోవచ్చు. ఎవరింట్లో కారు ఉందో, ఎవరింట్లో బియ్యం లేవో ఊరికి తెలిసినంతగా యంత్రానికి తెలియదు.

అయితే వేలు అటువైపే చూపించి ఊరుకుంటే అది మన వేషధారణే అవుతుంది. పోయిన క్రిస్మసుకు మన సంఘములో చీరలు, దుప్పట్లు పంచాము. ఆ జాబితా ఎవరు రాశారు? మేమే. ముందు వరుసలో కూర్చునేవారి పేర్లు, మా ఇంటికి వచ్చిపోయేవారి పేర్లు ముందుగా గుర్తొచ్చాయి. పిడికెడు బియ్యం డబ్బా విషయంలోనూ అంతే. అడగగలిగినవారికి అందింది, సిగ్గుపడినవారికి అందలేదు. సచివాలయంలో యంత్రం చేసిన పనినే మన మందిరంలో మా మరపు చేసింది. ఈ విషయంలో మమ్మల్ని క్షమించండి.

కాబట్టి ఈ నెల నుండి ఒక పని చేద్దాము. ప్రతి వీధికి ఇద్దరు, అందులో ఒకరు తప్పనిసరిగా విధవరాలైన సహోదరి, ఒకటో తారీఖు సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి, డబ్బు రానివారి పేర్లు రాయాలి. వారు మన సంఘస్థులా కాదా అని చూడకూడదు. ఆకలికి సంఘము పేరు లేదు. తరువాత వారితో కలిసి సచివాలయానికి నడవాలి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు, అక్కడికి వెళ్ళాలి. అర్జీ రసీదు జాగ్రత్తగా దాచాలి. ఆ రోజు పోయిన కూలి డబ్బు సంఘము కానుకలో నుండి ఇవ్వాలి.

ఆ సహోదరికి మీటరు తప్పు దిద్దాక పింఛను వచ్చింది. కానీ ఆ ఆరు నెలల ఆకలిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇప్పుడు మన వెనక వరుసలో మళ్ళీ ఎవరు కూర్చున్నారో చూడడానికి ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.