జామాయిల్ బుడిపెకు విరుగుడు మందు డబ్బాలో లేదు

జామాయిల్ వేసిన రైతుకు ఆకు ఈనెల మీద, కాడల మీద, లేత కొమ్మల మీద వచ్చే బుడిపెల గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మొదట పచ్చగా ఉంటాయి, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతాయి, చివరికి గోధుమ రంగులోకి మారతాయి. ఆకు ముడుచుకుంటుంది, చిగురు సాగదు, లేత మొక్క గిడసబారిపోతుంది. నర్సరీ మొక్కలకూ, నరికిన మోడు నుంచి వచ్చే పిలకలకూ దీని దెబ్బ ఎక్కువ. అంటే మొదటి కోతనే కాదు, పిలకల మీద ఆశ పెట్టుకున్న రెండో కోతనూ ఇది దెబ్బతీస్తుంది.

చాలామంది దీన్ని తెగులు అనుకొని మందు కొడుతున్నారు. ఇది తెగులు కాదు. లెప్టోసైబ్ ఇన్వేసా అనే చిన్న కందిరీగ చేసే పని. మిల్లీమీటరు కంటే కాస్త పెద్దగా ఉండే ఈ పురుగు పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన దేశంలో 2001లో దక్షిణాదిన బయటపడింది. ఆడ పురుగు మగదానితో పని లేకుండానే సంతానాన్ని పెంచుకోగలదు. కాబట్టి బుడిపెలున్న మొక్కలు కొన్ని వచ్చినా చాలు, పురుగు ఊరికి చేరినట్లే.

గుడ్డు పెట్టేది మొక్క కణజాలం లోపల. పిల్ల పురుగు పెరిగేదీ బుడిపె లోపలే. ఆకు మీద చల్లిన మందు దానికి సరిగా అందదు. బయట తిరిగే మిత్ర పురుగులు మాత్రం చస్తాయి. వేపనూనెదీ అదే సంగతి, పైన చల్లితే లోపలి పురుగును చంపదు. సహజ పద్ధతి అంటే ఒక డబ్బా పారేసి ఇంకో డబ్బా కొనడం కాదు. పురుగును అదుపులో పెట్టే జీవాలను బతకనివ్వడం.

ఈ మాట గాలిలోంచి చెబుతున్నది కాదు. సుబాబుల్ రైతులకు ఇలాంటి కష్టమే ముందు వచ్చింది. లేత చిగుళ్ళ రసం పీల్చే సిల్లిడ్ పురుగు 1988లో మన దేశంలోకి వచ్చింది. దాన్ని తినే ఒక రకం అక్షింతల పురుగును శాస్త్రవేత్తలు థాయిలాండ్ నుంచి తెప్పించి వదిలారు. అది ఇక్కడ స్థిరపడింది. సిల్లిడ్ పూర్తిగా పోలేదు, కానీ సుబాబుల్ సాగు నిలిచింది.

జామాయిల్ కందిరీగకూ శత్రువులున్నాయి. క్వాడ్రాస్టికస్ మెండెలి అనే బదనికను ఆస్ట్రేలియా నుంచి ఇజ్రాయెల్ తీసుకెళ్ళి వదిలారు. అది మన దేశంలోనూ ఉంది. మెగాస్టిగ్మస్ జాతి బదనికలూ ఇక్కడి బుడిపెల్లో కనిపించాయి. ఇవి బుడిపె లోపలి పిల్ల పురుగును వెతికి పట్టుకుంటాయి. ఏ మందూ సరిగా చేయలేని పని ఇది. అవి ఉన్న తోటలో పిచికారీ చేస్తే మన కావలివాడిని మనమే కొట్టినట్లవుతుంది.

అసలు గుట్టు ఇంకొకటుంది. క్లోన్ తోటలో వేల మొక్కలున్నా అన్నీ ఒకే తల్లి చెట్టు ముక్కలు. ఆ రకానికి బుడిపె పురుగు తగిలే గుణం ఉంటే తోటంతా ఒక్కసారే దొరికిపోతుంది. బాగా తట్టుకునే క్లోన్లూ, త్వరగా లొంగే క్లోన్లూ రెండూ ఉన్నాయి. ఏది ఏదో మొక్క అమ్మేవాడికి తెలియాలి, కొనే రైతుకు చెప్పాలి. ఇవాళ మొక్క రకం నిర్ణయించేది నర్సరీ, టన్ను ధర నిర్ణయించేది మిల్లు. పురుగు నష్టం మాత్రం రైతు ఖాతాలో, కౌలు రైతయితే కౌలుతో కలిపి పడుతోంది. ఇది అన్యాయం.

రైతులుగా మనం చేయగలిగినవి ఉన్నాయి. బుడిపెలున్న మొక్కను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. చేనంతా ఒకే క్లోన్ పెట్టకుండా మూడు నాలుగు రకాలు వేసుకోవాలి. నాటిన తోటలో బుడిపె కనబడగానే పంపు భుజానికెత్తుకోవద్దు. గట్ల మీద పూల మొక్కలు ఉండనిస్తే బదనికలకు తేనె దొరుకుతుంది.

రైతు ఒక్కడి వల్ల కానివి ప్రభుత్వమూ మిల్లులూ చేయాలి. అమ్మే ప్రతి క్లోన్ బుడిపె పురుగును ఎంత తట్టుకుంటుందో రాతపూర్వకంగా చెప్పాలి. పురుగు పట్టిన మొక్కలు అమ్మిన నర్సరీ మీద చర్య ఉండాలి, రైతుకు మొక్క ఖర్చు తిరిగి ఇవ్వాలి. బదనికలు ఏ మండలంలో ఉన్నాయో, ఎక్కడ లేవో సర్వే చేసి, లేనిచోట ఉచితంగా వదలాలి. కర్ర మీద లాభం తీసుకునే మిల్లులు ఆ ఖర్చులో వాటా భరించాలి.

వచ్చే నాట్లకు నర్సరీలో బయానా ఇవ్వక ముందే ఈ డిమాండ్లు గ్రామ కమిటీల్లో చర్చకు రావాలి. మొక్క నేలలో పడ్డాక అడిగితే నాలుగేళ్ళు ఆలస్యమైనట్లే.