నీడ గడియారం

పిల్లలూ!

ఈ నెల మీకు ఒక యాత్ర సంగతి చెబుతాను. దానితోపాటు, చాలా ఏళ్ళుగా నేను తీర్చకుండా ఉంచుకున్న ఒక బాకీ సంగతి కూడా చెప్పాలి.

నవంబరు మొదటి వారంలో మేమంతా అన్నవరం వెళ్ళాం. అది కార్తిక మాసం. మా అబ్బాయి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం కాగానే సత్యనారాయణ వ్రతం కొండమీదనే చేయించుకుంటామని కోడలు మొక్కుకున్నది.

అన్నవరం పంపానది ఒడ్డున ఉన్నది. మా చిన్నప్పుడది తూర్పు గోదావరి జిల్లా. 2022 నుంచి కాకినాడ జిల్లా. ఊరిని ఆనుకుని ఉన్న కొండ పేరు రత్నగిరి. గోరస జమీందారు రామనారాయణంగారికీ, అన్నవరంలో ఈరంకి ప్రకాశరావుగారికీ స్వామి ఒకే రాత్రి కలలో కనిపించాడనీ, వెతకగా అంకుడు చెట్టు కింద విగ్రహం దొరికిందనీ చెబుతారు. 1891లో ప్రతిష్ఠ జరిగింది. గుడి చక్రాలున్న రథం ఆకారంలో ఉంటుంది. కింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో స్వామి.

మోటారు బస్సులో పైకి పోవచ్చు. కాని మా మనవరాలు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టించి, మెట్లెక్కుదామని పట్టుబట్టింది. నేను మధ్య మధ్య కూర్చుంటూ ఎక్కాను.

వ్రతంలో దంపతులు వరసలుగా కూర్చున్నారు. పురోహితుడు కథ చెప్పాడు. అందులో ఒక షావుకారు ఉన్నాడు. బిడ్డ పుడితే వ్రతం చేస్తానన్నాడు. పుట్టింది. పెళ్ళినాటికి చేస్తానన్నాడు. పెళ్ళీ అయింది. మళ్ళీ వాయిదా! ఆ తరువాత అతను పడని కష్టం లేదు.

"ఒక్క రోజు పనికి అన్నేళ్ళు ఎందుకు ఆగాడు తాతయ్యా?" అని మనవరాలు నా చెవిలో అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

వ్రతమైంది. విస్తరాకులో కట్టిన గోధుమనూక ప్రసాదం తీసుకుని బయటికి వచ్చాం. అక్కడ ఒక నీడ గడియారం ఉన్నది. పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు 1943లో దాన్ని నిర్మించారు. దానికి ముల్లు లేదు, తాళం చెవి లేదు. ఎండలో పడే నీడే ముల్లు.

నీడ 11 గంటల గీత మీద ఉన్నది. మనవరాలు వాళ్ళ నాన్న సెల్‌ఫోను లాక్కుని చూసింది. అందులో 10 గంటల 44 నిమిషాలు.

"సత్యదేవుడి కొండమీద అబద్ధం చెప్పే గడియారమా, తాతయ్యా!" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. ఎందుకంటే సరిగ్గా అక్కడే, ఇదే మాట నేను మునుపొకసారి విన్నాను.

1986లో నేను కుర్రమాస్టర్ని. కార్తికంలోనే, నవంబరు మొదటి వారంలో, ఎనిమిదో తరగతి పిల్లల్ని రైల్లో అన్నవరం తీసుకువచ్చాను. ఒక కుర్రవాడు వాళ్ళ నాన్న వాచీ పెట్టుకుని వచ్చాడు. అది వాడి చేతికి వదులుగా ఉండి జారిపోతూ ఉండేది.

"మాస్టారండీ! ఈ నీడ పదహారు నిమిషాలు ముందున్నదండీ" అన్నాడు వాడు.

నా చేతి గడియారం చూసుకున్నాను. అదీ అంతే చెబుతున్నది! కాని కారణం నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ. "పండితులు కట్టినదానికి తప్పులు పట్టేపాటి వాడివా? నీ వాచీయే పాడయింది" అన్నాను. అందరూ నవ్వారు. వాడు వాచీ తీసి జేబులో పెట్టేసుకున్నాడు. ఇల్లు చేరేదాకా మళ్ళీ పైకి తీయలేదు.

కొన్ని నెలల తరువాత ఒక పుస్తకంలో కారణం దొరికింది. అదేమిటో మీకూ చెబుతాను.

మన దేశంలో గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఒక డిగ్రీకి 4 నిమిషాల తేడా వస్తుంది. అందుకే పడమటి చివర ద్వారకలో సూర్యుడు అన్నవరంలో కన్నా దాదాపు 54 నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి వస్తాడు. అన్నవరానికి మాత్రం ఆ రేఖ ఏడు మైళ్ళ లోపే ఉన్నది గనక, అరనిమిషం తేడా కూడా రాదు. మరి పదహారు నిమిషాలెక్కడివి?

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరియైన వలయం కాదు, కొంచెం కోలగా ఉంటుంది. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా పోతుంది; జూలైలో దూరంగా ఉండి నెమ్మదిగా పోతుంది. పైగా భూమి ఇరుసు 23½ డిగ్రీలు ఒరిగి ఉన్నది. ఈ రెండు కారణాల వల్ల ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి ఎప్పుడూ కచ్చితంగా 24 గంటలే ఉండవు. కొన్ని సెకండ్లు ఎక్కువో తక్కువో అవుతాయి. ఆ సెకండ్లే పోగుపడి నవంబరు మొదట్లో నీడ 16 నిమిషాలు ముందుంటుంది. ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకపడుతుంది. ఏడాదిలో నాలుగు రోజులు మాత్రం రెండూ కలుస్తాయి. మన చేతి గడియారం ఏడాది మొత్తానికి సగటు కట్టిన కాలం చూపిస్తుంది.

చూశారా! నీడ చెప్పినది నిజం. వాచీ చెప్పినది నిజం. నేను చెప్పినదొక్కటే అబద్ధం.

ఇది తెలిసిన మర్నాడే తరగతిలో చెప్పి ఉండవలసింది. రేపు, ఎల్లుండి అంటూ ఆ షావుకారులాగే వాయిదా వేశాను. ఇంతలో వాళ్ళ నాన్నకు బదిలీ అయి వాడు బడి మానేశాడు.

మెట్లు దిగుతూ ఇదంతా మనవరాలికి చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "ఇప్పుడు చెప్పకూడదా తాతయ్యా? నువ్వు పత్రికలో రాస్తావుగా!" అన్నది.

అందుకే రాస్తున్నాను. ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. అతని పిల్లలో, మనవలో ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు. నాయనా, ఆనాడు నీ వాచీ సరిగానే ఉన్నది. తప్పు నాది.

పిల్లలూ! మీరు పెరట్లో ఒక కర్ర నిటారుగా పాతండి. దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు గడియారంలో ఎంతయిందో వారానికొకసారి రాసుకోండి. ఆ వేళ మారుతూ పోవడం మీకే కనిపిస్తుంది. మీ మాస్టారికి చూపించండి. ఆయనకు కారణం తెలియకపోతే, ఇద్దరూ కలిసి వెతకండి.