చన్నీళ్ల యంత్రమా, వేన్నీళ్ల యంత్రమా?



ఊరగాయలు పెట్టి అమ్ముకొను పొదుపు సంఘపు సోదరి యొకరు మాకు వ్రాసిరి. వారి షెడ్డులోని సిమెంటు నేల నూనెను, కారమును పీల్చి జిడ్డుదేరి, కాలు జారుచున్నదట. ప్రెషర్ వాషరు కొనదలచినారు. అంగడివాడు వేన్నీళ్లదే కొనుమనుచున్నాడట. దాని వెల చన్నీళ్లదానికి ఎన్నో రెట్లు. పదిమంది కలిసి వాయిదాలు కట్టి తీర్చవలసిన అప్పు గనుక, ఈ నెల ఈ సంగతియే ముచ్చటింతము.

రెండింటి పనియు ఒక్కటే: నీటిని పంపుతో నొక్కి సన్నని రంధ్రమునుండి వెడలగొట్టుట. మేడమీది తొట్టినుండి దిగు నీటికి ఒక బారు ఒత్తిడి యుండుటయే అరుదు. ఇండ్లలో వాడు చిన్న యంత్రము 100 మొదలు 150 బార్ల వరకు ఇచ్చును. వేన్నీళ్లదానికి అదనముగా ఒక పొయ్యి యుండును. పెక్కింటిలో అది డీజిలుతో మండును. దానిలో చుట్టలు చుట్టిన గొట్టముగుండ సాగి నీరు 80, 90 డిగ్రీల వేడికి వచ్చును. వెల, బరువు, మరమ్మతు పెరుగుట ఆ పొయ్యివలననే. జర్మనీలోని కార్చర్ సంస్థ 1950లో మొదట చేసినది వేన్నీళ్ల యంత్రమే. ఇండ్లకు తగిన చిన్న చన్నీళ్లది 1984లో గాని తేలేదు.

బురద, దుమ్ము, ప్రహరిగోడమీది పాచి ధార దెబ్బకే లొంగును. వీనికి వేడి యక్కరలేదు. జిడ్డు సంగతి వేరు. నేతిగిన్నెను చన్నీళ్లతో తోమిచూచిన వారికి మేము చెప్పవలసిన పనిలేదు; నేయి గిన్నెను వదలి చేతికంటును, అంతియే. కాని వేడియే అన్నిటికి మందనుకొనరాదు. పాలు, గ్రుడ్డుసొన, నెత్తురు వేడి తగిలినచో గడ్డకట్టి పట్టుకొనును. డెయిరీలలో పాత్రలను మొదట చల్లని నీటితోనో గోరువెచ్చని నీటితోనో తొలిచి, పిదపనే వేన్నీళ్లు వాడుట యిందుకే.

సోదరి మొదట నేలపై చదరపు గజము చొప్పున రెండు చోట్ల గీతలు గీయవలయును. ఒకచోట చన్నీళ్లలోను, రెండవచోట బాగుగా కాగిన నీళ్లలోను బట్టలసోడా కలిపి పోసి, పావుగంట నానిన పిదప పొరకతో రుద్ది కడుగవలయును. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పవు. చన్నీళ్లచోటు శుభ్రపడినచో అంగడివాని మాట వినవలసిన పనియే లేదు. వేన్నీళ్లచోటు మాత్రమే శుభ్రపడినను, వారానికొకమారు కడుగు షెడ్డుకు చన్నీళ్ల యంత్రమే చాలునని మా తలంపు. కాగిన సోడానీళ్లు బకెట్టుతో పోసి రుద్దిన పిదప, ధారతో కొట్టుకొనవచ్చును. దినమును వందలమందికి వండు మెస్సుకు, మోటారు బాగుచేయు షెడ్డుకు అయినచో వేన్నీళ్లదే కొనుడని చెప్పియుందుము.

అయితే చన్నీళ్ల యంత్రములోనికే వేన్నీళ్లు పంపుదమను తెలివి వలదు. లోపలి రబ్బరు సీళ్లు చెడును. ఎంత వేడి తాళునో దానితో వచ్చు పుస్తకమున ఉండును, పెక్కింటికి 40 డిగ్రీలే హద్దు. డీజిలు పొయ్యిగల యంత్రమును తలుపులు మూసిన షెడ్డులో నడుపరాదు. దాని పొగలో ప్రాణము తీయు విషవాయువు గలదు.

కడుగుటకు ముందు జాడీలన్నియు వేరొక గదికి చేర్పవలయును. తుంపర పడిన ఆవకాయ బూజుపట్టునని ఊరగాయలు పెట్టువారికి చెప్పుట సాహసమే! కారము కలిసిన తుంపర కంట పడకుండ అద్దాలు పెట్టుకొనవలయును. ధారను ఎవరివైపును త్రిప్పరాదు, పిల్లలను దరికి రానీయరాదు. అది చర్మమును చీల్చి లోనికి చొచ్చును. పైకి సూదిమొన గ్రుచ్చినంత గాయమే కనబడును గాని లోపల చాల హాని జరిగియుండును. నొప్పి లేదని ఊరకుండక ఆ క్షణమే ఆసుపత్రికి పోవలయును. పని ముగిసిన పిదప మోటారు నాపి, కుళాయి కట్టి, మీట నొక్కి గొట్టములో మిగిలిన ఒత్తిడిని వదలిన తరువాతనే గొట్టము ఊడదీయవలయును.

రెండు గజముల నేల ఏమి తేల్చినదో సోదరి వ్రాసినచో, వచ్చు నెల యిచ్చటనే ప్రకటింతుము.